మోటారు ఆపడానికి భయపడ్డ మనిషి: నెల్లూరు తీరంలోని రొయ్యల గుంటల దగ్గర ఒక కేసు

ఈ కేసు గురించి నా నోటుపుస్తకంలో మొదటి రోజు రాసుకున్న మాట ఒక్కటే: "నిర్లక్ష్యం". దాని కింద రెండు గీతలు కూడా గీశాను. ఆరు నెలలు తిరిగాక ఆ మాట కొట్టేశాను. ఎందుకు కొట్టేయాల్సి వచ్చిందో తోటి సేఫ్టీ వాళ్లకీ, గుంటలు నడిపే రైతులకీ చెప్పాలనిపించి రాస్తున్నాను.

నేను చాలా ఏళ్లు ఫ్యాక్టరీల్లో ఎలక్ట్రికల్ సూపర్‌వైజరుగా పనిచేశాను. ఇప్పుడు రొయ్యల సాగు చేసేవాళ్లు పిలిస్తే వెళ్లి వైరింగు చూస్తాను, పనివాళ్లకి కరెంటు జాగ్రత్తలు నేర్పుతాను. కింద చెప్పే ఫారం ఎవరిది, ఏ ఊళ్లో అన్నది రాయడం లేదు. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను. మా నిర్ణయాలకి కారణమైన విషయాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

నేపథ్యం

నెల్లూరు జిల్లా తీరం తెలిసినవాళ్లకి ఈ దృశ్యం కొత్త కాదు. అల్లూరు, విడవలూరు నుంచి ఇందుకూరుపేట, ముత్తుకూరు మీదుగా కిందికి వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా గుంటలే. రాత్రిపూట నీళ్లకి ఆక్సిజన్ అందించే ఏరియేటర్ల చక్రాలు నీళ్లు చిమ్మే చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. 1990ల్లో టైగర్ రొయ్య రోజుల్లో ఇన్ని మోటార్లు లేవు. తెల్లమచ్చ వ్యాధి ఆ పంటని దెబ్బతీశాక, 2009లో వనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చాక, ఎకరానికి వేసే పిల్ల పెరిగింది. పిల్ల పెరిగితే ఆక్సిజన్ కావాలి, ఆక్సిజన్ కోసం మోటార్లు కావాలి. మోటార్లు పెరిగినంతగా వైరింగు మెరుగుపడలేదు. పాత బోర్డు నుంచే ఇంకో తీగ, దానికి ఇంకో జాయింటు.

నన్ను పిలిచిన ఫారంలో పన్నెండు గుంటలున్నాయి, ఒక్కోటి ఎకరం అటూ ఇటూ. గుంటకి నాలుగు ఏరియేటర్లు, మొత్తం నలభై ఎనిమిది మోటార్లు, అన్నీ త్రీ ఫేజు, 415 వోల్టులు. మోటార్లకి వెళ్లే కేబుల్ చాలాచోట్ల మూడు కోర్లదే. అంటే లోపల మూడు ఫేజుల తీగలే, ఎర్తు తీగ లేదు. జాయింట్లకి టేపు చుట్టి, పైన పాలిథిన్ కవరు కట్టి, వెదురు కర్రలకి వేలాడదీశారు. నాలుగు గుంటలకి కలిపి ఒక మెయిన్ స్విచ్చి. అది కూడా గట్టు చివర షెడ్డులో ఉంది. కొన్ని గుంటల నుంచి అక్కడికి నడిచి వెళ్లి రావడానికే ఐదు నిమిషాలు పడుతుంది.

పనిచేసేవాళ్లు ఏడుగురు. మేత వేసే నలుగురు కుర్రాళ్లు, షెడ్డులోనే కాపురముండే కాపలా దంపతులు, వీళ్లందరి మీద ఒక సూపర్‌వైజరు. ఆయనకి యాభై ఐదేళ్లు ఉంటాయి, టైగర్ రోజుల నుంచీ గుంటల మీదే ఉన్నాడు. అందరూ పెద్దాయన అంటారు, నేనూ అలాగే అంటాను. ఫారం లీజుకి తీసుకున్న ఓనరు వయసులో చిన్నవాడు, నెల్లూరు టౌన్లో ఉంటాడు, పొద్దున్నే వచ్చి చూసుకుని వెళ్తాడు. పెద్దాయన్ని "మామా" అని పిలుస్తాడు.

సమస్య

ఏరియేటర్ రెక్కలకి నాచు, ప్లాస్టిక్ తాడు చుట్టుకుంటే నీళ్లలో దిగి తీయాలి. మేత కుర్రాడొకడు మోటారు తిరుగుతుండగానే థర్మకోల్ దుంగ మీద దాని దగ్గరికి వెళ్లాడు. ఫ్రేము పట్టుకోగానే కరెంటు కొట్టి వెనక్కి విసిరేసింది. చెయ్యి అతుక్కుపోలేదు కాబట్టి బతికాడు. వాడు ఎవరికీ చెప్పలేదు. కాపలా ఆయన భార్య ఓనరుతో చెప్పింది, ఓనరు నాకు ఫోన్ చేశాడు.

నేను వెళ్లిన రోజు చూసింది ఇప్పటికీ మరచిపోలేను. పెద్దాయన కొత్త కుర్రాడికి పని నేర్పుతున్నాడు. "ముందు చేతి వెనకపక్కతో తాకాలబ్బాయ్. జివ్వుమంటే చెయ్యి దానంతటదే వెనక్కొస్తాది. అరచేత్తో పట్టుకున్నావనుకో, ఇడిసిపెట్టదు." ఆయన చెప్పింది శరీరశాస్త్రం ప్రకారం తప్పు కాదు. కరెంటు తగిలితే కండరాలు ముడుచుకుంటాయి, అరచేత్తో పట్టుకుంటే పిడికిలి బిగుసుకుపోతుంది. ఒంట్లోంచి పది, ఇరవై మిల్లీ ఆంపియర్లు పోతే చాలు, చాలామంది సొంతంగా విడిపించుకోలేరు. ఆ సంగతి ఆయనకి పుస్తకాల్లో కాదు, ఒంటి మీద తెలుసు. కానీ ఆ తెలివిని కరెంటు తీయకుండా పని చేసే పద్ధతిగా మార్చి పిల్లలకి అందిస్తున్నాడు. తడి ఒంటితో నీళ్లలో నిలబడ్డ మనిషికి చేతి వెనకపక్క ఏ భరోసా ఇవ్వదు.

"మెయిన్ ఆపి దిగొచ్చు కదా?" అన్నాను.

"ఆపితే రొయ్య తేలిపోద్ది సార్" అన్నాడు, అంతకన్నా చెప్పడానికేమీ లేదన్నట్టు.

నేను నోటుపుస్తకంలో "నిర్లక్ష్యం" అని రాసుకున్నది అప్పుడే.

మొదట చేసినవి, వాటికి ఏమైంది

ఇలాంటి చోట రెండు దారులుంటాయి: ముందు వైరింగు బాగు చేయడం, ముందు మనుషుల తీరు మార్చడం. వైరింగుకి డబ్బు, పంట మధ్యలో విరామం కావాలి, తీరు మార్చడానికి మాట చాలు అనుకున్నాను. అందుకే క్లాసుతో మొదలుపెట్టాను. ఆ వరుస తప్పని తర్వాత తెలిసింది.

షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి గంటసేపు చెప్పాను. కరెంటు మితిమీరితే పడి సరఫరా ఆపే ఎంసీబీ మనిషిని కాపాడదు అన్నది బాగా వివరించాననుకున్నాను. నాలుగు మోటార్ల గుంట పది పన్నెండు ఆంపియర్లు తీసుకుంటుంది, ఎంసీబీ అంతకన్నా ఎక్కువైతేనే పడుతుంది. మనిషి గుండె ఆగడానికి ఆంపియరులో పదో వంతు చాలు. అంటే మనిషి చచ్చిపోతున్నా ఎంసీబీకి తెలియదు. కాపాడబోయిన రెండోవాడు కూడా ఎలా పోతాడో చెప్పాను. అందరూ తలూపారు. మర్నాడు పొద్దున మోటారు తిరుగుతుండగానే ఇద్దరు గుంటలో ఉన్నారు.

తర్వాత జరిమానా. ఇది ఓనరు ఆలోచన, నేనూ ఒప్పుకున్నాను. కరెంటు ఉండగా దిగితే ఐదొందలు. నెల రోజుల్లో ఒక్క కేసు కూడా రాలేదు. ఓనరు సంతోషించాడు, నాకూ కొంత నమ్మకం కలిగింది. ఆ నెలలోనే తనకి మూడుసార్లు జివ్వుమందని, అందరూ ఓనరు వెళ్లాకే నీళ్లలో దిగేవాళ్లని ఆ కుర్రాడు చాలా రోజుల తర్వాత చెప్పాడు. ప్రమాదం తగ్గలేదు, దాని గురించిన కబురు మాత్రం ఆగిపోయింది. కబురు ఆగిపోవడం ప్రమాదం ఉండటం కన్నా చెడ్డది. ఏ మోటారు లీకవుతోందో ఎలక్ట్రీషియన్‌కి కూడా తెలియకుండా పోయింది కదా.

రబ్బరు గ్లవుజులు, గమ్ బూట్లు కూడా తెప్పించాం. నడుము లోతు నీళ్లలో బూట్లు నిండిపోయాయి, గ్లవుజులతో తాడు ముడి రాలేదు. వారంలో మూలన పడ్డాయి. అందులో వాళ్ల తప్పేమీ లేదు.

నాలుగోది ఆర్‌సీసీబీ. వెళ్లే కరెంటు, తిరిగొచ్చే కరెంటు సమానంగా లేకపోతే, అంటే ఎక్కడో భూమిలోకో మనిషిలోకో పోతుంటే, ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకి చేరేసరికి క్షణంలో సరఫరా కట్ చేసే పరికరం అది. మనిషిని కాపాడేది అదే. ఖర్చు తగ్గించడానికి నాలుగు గుంటల సెక్షనుకి ఒకటి చొప్పున మూడు పెట్టించాం. రెండు వారాల తర్వాత వెళ్లి మొదటిదాని టెస్టు బటన్ నొక్కాను. పరికరం టక్కున పడింది. గుంటల్లో మోటార్లు మాత్రం అలాగే తిరుగుతున్నాయి. వెనక తీగలు తీసి నేరుగా కలిపేశారు.

నాకు చాలా కోపమొచ్చింది. పెద్దాయన కోప్పడలేదు, తల కూడా దించుకోలేదు. "రాత్రికి నాలుగుసార్లు పడిపోయింది సార్. పడినప్పుడల్లా నాలుగు గుంటలు ఒకేసారి ఆగిపోయినాయి. మీరు నెల్లూళ్లో పడుకోనుంటారు. ఈడ నేనుండా."

ఆయన చెప్పిన దాంట్లో ఇంజనీరింగు తప్పు నాదే. ఉప్పుగాలికి నానిన పాత మోటారు, దాని కేబుల్, జాయింటు కలిసి ఒక్కోటి రెండు మూడు మిల్లీ ఆంపియర్లు ఎప్పుడూ లీకు చేస్తూనే ఉంటాయి. అది ప్రమాదకరమైన లీకు కాదు. కానీ పదహారు మోటార్లవి కలిస్తే ముప్పై దాటిపోతుంది. ఏ తప్పూ లేకపోయినా ఆర్‌సీసీబీ పడి తీరుతుంది. ఊరికే పడే పరికరాన్ని ఎవరూ నమ్మరు. వాళ్ల తీరుని సరిదిద్దడానికి పెట్టిన వస్తువే ఆ తీరుకి సాక్ష్యం చెప్పింది.

ఆ రాత్రి విన్నది

ఆ రోజు ఇంటికి వెళ్లలేదు. రాత్రి ఫారంలోనే ఉండిపోయాను. ఎవరికీ ఏమీ చెప్పకూడదు, అడగాలి, వినాలి అనుకున్నాను. పన్నెండు దాటాక షెడ్డు ముందు మంచం మీద కూర్చుని పెద్దాయన ఒక సంగతి చెప్పాడు.

కొన్నేళ్ల కిందట, వేరే ఓనరు దగ్గర పనిచేస్తున్నప్పుడు, నవంబరు వానల్లో ఒక రాత్రి కరెంటు పోయింది. జనరేటరు ఎక్కలేదు. మెకానిక్ రావడానికి రోడ్డు తెగిపోయి ఉంది. మూడు గంటలపైన మోటార్లు ఆగిపోయాయి. రొయ్యలు గట్టువారకి వచ్చి నీళ్ల మీద కొట్టుకుంటుంటే టార్చిలైటు వేసుకుని చూస్తూ నిలబడ్డాడు. తెల్లారేసరికి రెండు గుంటలు పోయాయి. ఆ ఓనరు వచ్చి అందరి ముందూ ఒక్క మాట అడిగాడట: "ఇంక నువ్వెందుకయ్యా ఈడ?" రెండు నెలల జీతం పెద్దాయనే అడగలేదు.

"ఆ మాట నా చెవుల్లో పోలేదు సార్" అన్నాడు.

నేను నిర్లక్ష్యం అనుకున్నది ఇదన్నమాట. నిజానికి ఆయన కన్నా శ్రద్ధగా పనిచేసేవాడు ఆ గట్టు మీద లేడు. ఆ శ్రద్ధంతా రొయ్య మీద ఉంది. తన ఒంటి మీదా, కుర్రాళ్ల ఒంటి మీదా మిగల్లేదు. ఇలాంటి మనిషికి "జాగ్రత్తగా ఉండు" అని చెప్తే, తను ఇప్పటికే అందరికన్నా జాగ్రత్తగా ఉన్నానని ఆయనకి తెలుసు. అందుకే నా క్లాసు ఆయనకి తగల్లేదు.

ఇంకొకటి కూడా ఆ మంచం మీదే తట్టింది. ఆయన భయం నిజమైనదే, కానీ అది మూడు గంటలు మోటార్లు ఆగిన రాత్రి నేర్పిన భయం. నాచు తీయడానికి పది నిమిషాలు చాలు. మూడు గంటలకి సరిపోయే భయాన్ని పది నిమిషాలకి వాడుతున్నాడు. ఈ రెండింటికీ తేడా ఎంతో ఎవరూ కొలిచి చూడలేదు, ఆయనా, ఓనరూ, నేనూ.

పనిచేసింది

కొలవడానికి కావలసింది అక్కడే ఉంది. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ చూసే డీఓ మీటరు షెడ్డులోనే ఉంది, రోజూ రెండుసార్లు వాడేదే. నేను చేసిన ఒకే ఒక మంచి పని, ఆ మీటరు నేను పట్టుకోకుండా ఆయన చేతిలో పెట్టడం. నేను కొలిచి చూపిస్తే అది ఇంకో క్లాసు అయ్యేది.

మొదట మధ్యాహ్నం పూట, ఒక్క గుంట మోటార్లు ఇరవై నిమిషాలు ఆపాం. నేను పైనీళ్లలో ముంచమంటే ఆయన ఒప్పుకోలేదు. "పైన కొలిస్తే ఏం లాభం సార్? రొయ్య అడుగునుంటాది." నిజమే. మీటరు తీగ అడుగుదాకా దించాడు. ఎండలో నీళ్లలోని పచ్చదనం (సన్న నాచు) తనే ఆక్సిజన్ తయారుచేస్తుంది కాబట్టి అంకె దాదాపు కదల్లేదు. ఆయన దాన్ని నమ్మలేదు. "పగలు కాదు, రాత్రి చూద్దాం" అన్నాడు. సూర్యుడు పోయాక తయారీ ఆగిపోతుంది, వాడకం ఆగదు, తెల్లవారుజామున ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువుంటుంది. అందుకే ఆయన అడిగింది సరైన పరీక్ష.

రాత్రి రెండింటికి ఆపాం. అడుగున ఆక్సిజన్ లీటరు నీళ్లకి 4.6 మిల్లీగ్రాములు ఉంది. పది నిమిషాలకి 4.5. ఇరవై నిమిషాలకి 4.4. మూడు దాకా వస్తేనే కంగారు పడాలన్నది ఆయనకే బాగా తెలుసు. మీటరు తుడిచి మళ్లీ ముంచాడు. మళ్లీ అదే. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ అంకెలు ఆ గుంటవి, ఆ రాత్రివి, రొయ్యకి రెండు నెలల వయసున్నప్పటివి. వంద రోజులు దాటి బరువు పెరిగాక పది నిమిషాల్లోనే 4.1 నుంచి 3.9కి దిగింది. మబ్బు పట్టిన రోజుల్లో, పచ్చదనం ఒక్కసారిగా చచ్చి విరిగినప్పుడు ఇంకా వేగంగా దిగొచ్చు. కాబట్టి "పది నిమిషాలు ఆపొచ్చు" అన్నది ఎక్కడైనా చెల్లే మాట కాదు. ఎవరి గుంటలో వాళ్లు కొలుచుకోవాలి. మేం పెట్టుకున్న నియమం ఇది: దిగేముందు అడుగున డీఓ చూడాలి, నాలుగు కన్నా తక్కువుంటే ఆ పని ఎండెక్కాక చేసుకోవాలి. రెక్కలకి చుట్టుకున్న నాచు మధ్యాహ్నం దాకా ఆగుతుంది. నిజానికి రాత్రిపూట దిగాల్సిన అవసరం చాలావరకు ఈ నియమంతోనే పోయింది. దీన్ని సూచించింది కూడా పెద్దాయనే.

ఆ తర్వాతే వైరింగు చేతికి తీసుకున్నాం. ఈసారి గుంటకి ఒకటి చొప్పున పన్నెండు ఆర్‌సీసీబీలు. నాలుగు మోటార్ల మామూలు లీకు పది, పన్నెండు దాటదు కాబట్టి ఊరికే పడవు. పన్నెండింటి ఖర్చు ఒక పంటకి ఒక్క గుంట తినే మేత ఖర్చులో చిన్న భాగమే. మొదటిసారి నేను చేసిన పొదుపు ఎంత పనికిమాలినదో అప్పుడు లెక్క తేలింది. పట్టుబడి అయిన, అంటే రొయ్యలు పట్టేసిన, గుంటల నుంచి వరుసగా కేబుల్ మార్చాం, నాలుగో కోరు ఎర్తుకి. ఏదైనా పడితే షెడ్డులో మోగేలా హూటర్ పెట్టాం. ప్రతి గుంట గట్టు మీదా, ఆ గుంట కరెంటు మాత్రమే తీసే స్విచ్చి, ఒక ఐసొలేటర్ పెట్టాం. ఇప్పుడు ఒక్క గుంట ఆపడానికి నాలుగు గుంటలు ఆపక్కర్లేదు, షెడ్డుదాకా నడవక్కర్లేదు. పని సులువైతే మనిషి తీరు ఎంత మారుతుందో ఆ వారం చూశాను.

ఐసొలేటర్ పెట్టిన వారానికే ఒక సంగతి జరిగింది. మధ్యాహ్నం ఒక గుంట మోటార్లు ఆగి ఉండటం కాపలా ఆయన భార్య చూసింది. కరెంటు పోయిందనుకుని రొయ్యలేమైపోతాయోనని పరుగెత్తుకొచ్చి హ్యాండిల్ మీద చెయ్యి వేసింది. ఏరియేటర్ చాటున నీళ్లలో ఉన్న కుర్రాడు "అత్తా, నేనుండా" అని అరిచాడు. ఆమె అక్కడే కూలబడి ఏడ్చేసింది. ఆలోచించండి, పెద్దాయనలో ఉన్న అదే శ్రద్ధ, రొయ్య మీద అదే ప్రేమ ఆమె చేతిలోనూ ఉంది. ఆ శ్రద్ధే కుర్రాడి ప్రాణం తీసేది.

నేను "మనిషి ఉన్నాడు, వేయొద్దు" అని రాసిన అట్టలు తగిలిద్దామన్నాను. ఆమె నెమ్మదిగా అంది: "చీటీ పెడితే నాకు చదవను రాదు సార్. తాళమేయండి." ఫ్యాక్టరీల్లో ఏళ్లతరబడి లాకౌట్ గురించి, అంటే స్విచ్చికి తాళమేశాకే పని మొదలుపెట్టడం గురించి, పాఠాలు చెప్పిన నేను అది మరచిపోయాను, ఆమె గుర్తుచేసింది. ఐసొలేటర్ పెట్టెకి తాళం, నీళ్లలో దిగేవాడి మొలతాడుకే తాళంచెవి. చెవి ఒక్కటే, రెండోది ఉండకూడదు. వాడు గట్టెక్కితే తప్ప మోటారు తిరగదు.

ఓనరు మాట

ఇదంతా చేసినా, ఒకటి మిగిలే ఉంది. ఓనరు పొద్దున్నే బండి దిగుతూ అడిగే మొదటి ప్రశ్న: "రాత్రి మోటార్లేమన్నా ఆగినాయా మామా?" ఆయన మంచివాడే, మామూలుగానే అడిగేవాడు. కానీ పెద్దాయన చెవిలో అది పాత ఓనరు అడిగిన ప్రశ్నలాగే పడేది. ఆ ప్రశ్న ఉన్నంతకాలం రాత్రి రెండు గంటలకి ఆయన చెయ్యి స్విచ్చి దగ్గర వణుకుతూనే ఉంటుంది.

నేను ఓనరుతో విడిగా మాట్లాడాను. రెండు అడిగాను. మొదటిది, మొదటి ప్రశ్న మార్చాలి: "నిన్న నీళ్లలో ఎవరు దిగారు, తాళమేసే దిగారా?" రెండోది, మనిషి కోసం మోటారు ఆపినందువల్ల రొయ్యకి ఏమన్నా అయితే ఆ నష్టం ఓనరుదేనని, ఎవరినీ అడగనని అందరి ముందూ చెప్పాలి. రెండోదానికి ఆయన వెంటనే ఒప్పుకోలేదు. లక్షల అప్పు మీద నడిచే పంట, ఆయన భయమూ నిజమే. "అలుసుగా తీసుకుంటే?" అన్నాడు. నేను డీఓ రాసిన కాగితం చూపించి, పది నిమిషాల ఆపుకి ఆయన పెట్టే పందెం ఎంత చిన్నదో చెప్పాను. నాలుగు రోజులు ఆలోచించి, షెడ్డు ముందు అందరినీ పిలిచి చెప్పాడు.

చెప్పడం వేరు. దానికి పరీక్ష నెలన్నరకి వచ్చింది. తెల్లవారుజామున మూడింటికి ఒక గుంట ఆర్‌సీసీబీ పడి హూటర్ మోగింది. పెద్దాయన తీగలు కలపలేదు. నాలుగు మోటార్లూ విడదీసి ఒక్కోటి వేసి చూసి, పడగొడుతున్నదాన్ని పక్కనపెట్టి, మిగతా మూడూ నడిపాడు. చీకట్లో దానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. తెల్లారాక గట్టువారన కొన్ని రొయ్యలు చచ్చి కనిపించాయి. ఓనరు వచ్చాడు. అప్పుడు నేను లేను, కుర్రాడు ఫోన్లో చెప్పాడు. పెద్దాయన ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాడట. ఓనరు గట్టువెంట నడిచి చూసి, తిరిగొచ్చి, "ఎవురికీ ఏం కాలేదుగదా మామా?" అన్నాడట.

ఆ మోటారు విప్పితే వైండింగు దాకా నీళ్లు దిగి ఉన్నాయి. పాత పద్ధతిలోనే తీగలు కలిపేసి ఉంటే, ఆ కేబుల్ ఇంకా మార్చని గుంట కాబట్టి, ఫ్రేము నిండా కరెంటుతో పొద్దున ఆరింటికి ఎవరి చేతి కోసమో ఎదురుచూస్తూ ఉండేది.

ఈ కేసులో నాకు కనిపించిన మలుపు అదే రోజు. క్లాసులు, పరికరాలు, తాళాలు అన్నీ అవసరమే. కానీ పెద్దాయన చెయ్యి వణకడం ఆగింది ఓనరు ఆ పొద్దున అడిగిన ప్రశ్నతోనే.

నేను నేర్చుకున్నవి

జరిమానా ఎత్తేశాం. దాని బదులు షెడ్డులో ఒక పుస్తకం పెట్టాం. ఎక్కడ జివ్వుమన్నా మోటారు నంబరు, తారీఖు రాయాలి, రాయడం రానివాళ్లు కుర్రాళ్లతో రాయించాలి. పేరు రాయక్కర్లేదు. జరిమానా నెలలో సున్నా ఉన్న చోట, పుస్తకం పెట్టిన మొదటి నెలలో ఏడు నమోదయ్యాయి. బయటివాళ్లు చూస్తే పరిస్థితి దిగజారిందనుకుంటారు. నాకైతే ఆ ఏడూ చూసి ప్రాణం కుదుటపడింది, ఏడు చోట్లా ఎలక్ట్రీషియన్ వెళ్లి బాగుచేశాడు.

మనిషి ప్రమాదకరంగా పనిచేస్తుంటే, ఆ తీరు దేన్ని కాపాడుతోందని ముందు అడగాలి. పొగరు, బద్ధకం ఉండే మనుషులు ఉండొచ్చు. నేను చూసినంతలో ఎక్కువమంది దేన్నో కాపాడుతున్నారు: పంటని, ఉద్యోగాన్ని, ఒకప్పుడు పోయిన పరువుని. దాన్ని చూడకుండా "నీ తీరు మార్చుకో" అంటే, నీకు ముఖ్యమైనది వదిలెయ్ అన్నట్టే వినిపిస్తుంది. ఎవరు వదులుతారు? దాన్ని కాపాడుకుంటూనే ప్రాణం కూడా కాపాడుకునే దారి చూపిస్తే వాళ్లే మనకన్నా ముందు నడుస్తారు. అడుగున కొలవాలని చెప్పిందీ, ఎండెక్కాక దిగాలన్న నియమం పెట్టిందీ, తాళం కావాలన్నదీ నేను కాదు.

నా తీరు కూడా ఈ కేసులో భాగమే. ఫ్యాక్టరీలో నేను షట్‌డౌన్ అడిగితే నష్టం వేరే డిపార్ట్‌మెంటుది. అందుకే "ఆపు" అన్న మాట నాకు తేలిక. రాత్రంతా ఆ నష్టానికి కాపలా ఉండే మనిషికి అదెంత బరువో ఒక రాత్రి ఆ మంచం మీద కూర్చుంటే తప్ప తెలియలేదు. ఇప్పుడు ఎక్కడికి పిలిచినా మొదటి రాత్రి అక్కడే ఉంటున్నాను, క్లాసు తర్వాతే.

ఇంకా కుదరనివి ఉన్నాయి. పట్టుబడి రోజు బయటి నుంచి వల లాగే జట్టు వస్తుంది. లారీ వాడు ఐసు కరిగిపోతోందని తొందర పెడతాడు, ఎవరు ఎవరో తెలియదు, తాళం పద్ధతి వాళ్లకి కొత్త. ఆ రోజు ఐసొలేటర్ తాళంచెవి పెద్దాయన దగ్గరే ఉంచి, ఆయన చెప్పాకే వల దించాలని పెట్టుకున్నాం. ఒకసారి బాగా జరిగింది, ఇంకోసారి జట్టు సగం మంది ముందే దిగేశారు. అదృష్టం కొద్దీ కరెంటు తీసే ఉంది. అదృష్టాన్ని నేను లెక్కలో వేసుకోను. ఈ సమస్యకి సరైన పద్ధతి నాకు ఇంకా దొరకలేదు.

లీజు అయిపోయాక పెద్దాయన వేరే ఫారానికి మారాడు. పోయిన వారం రాత్రి ఫోన్ చేశాడు. వెనక మోటార్ల చప్పుడు వినిపిస్తోంది. "ఈడ గుంటకి ఐసొలేటర్ లేదు సార్, కేబుల్ మూడు కోర్లదే. నేనైతే మధ్యాహ్నం పూట మెయిన్ తీసి, షెడ్డు తలుపుకి తాళమేసి దింపతా ఉండా పిలకాయల్ని. కొత్త ఓనరుకి నచ్చలా. మీటరు పట్టుకోని రాత్రి రెండింటికి రమ్మన్నా ఆయన్ని. మీరూ ఉంటే బాగుంటాది" అన్నాడు. శనివారం వెళ్తున్నాను.